పసుపు పెట్టిన తెరచాప

జయము స్వామీ, జయము. కొండ గుహలో నోరు తెరుచుకుని కూర్చున్న దేవరా, నమ్మినవాడి మాట అబద్ధం కాకూడదని స్తంభం చీల్చుకుని వచ్చిన సింహమా, నీకు జయము. నీకు ఎన్ని శాంతరూపాలు లేవు! అయినా ఒక పసివాడి కోసం కోపాన్నే ఒంటినిండా కప్పుకుని వచ్చావు. ఆ ఉగ్రం చల్లారాలని మా ఊరు తరతరాలుగా బెల్లం నీళ్లు మోసుకుంటూ నీ మెట్లెక్కుతోంది. బిందెడు పానకంలో సగం నువ్వు తాగుతావు, సగం మాకు వదులుతావు. నువ్వు వదిలిన సగంతో బతికిన ఇల్లు మాది. కోపం మనిషిని కాలుస్తుందని సత్సంగంలో పదిమందికీ నేనే చెబుతుంటాను. ఇవాళ మాత్రం కోపంతోనే రాయడానికి కూర్చున్నాను. కోపమంటే ఏమిటో ఎరిగిన దేవుడివి కనుక నీ దగ్గరే మొదలుపెడుతున్నాను.

మా పుట్టిల్లు మంగళగిరి. మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబం. నాన్న తర్వాత ఆ మగ్గం గుంటలో కూర్చున్నది మా అక్క. నేను చదువుకుని విజయవాడ వచ్చి, బళ్లో తెలుగు చెప్పుకున్నాను. గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు మేడ మీద ప్రతి శనివారం మా సత్సంగం కూడుతుంది. అక్కడ పురాణం చెప్పే పని కూడా మెల్లగా నా మీదే పడింది. అక్కకు పురాణం చెప్పడం రాదు. మగ్గం మీద పేక నూలు మోసే నాడె అటు వెళ్లినప్పుడు ఒక నామం, ఇటు వచ్చినప్పుడు ఒక నామం, అంతే ఆమెకు తెలిసిన పారాయణ. అలా ఎన్ని చీరలు దిగాయో ఆమె లెక్కపెట్టలేదు.

అక్కకు నీటికాసులు వచ్చాయి. మధ్యలో చూపు బాగానే ఉంటుంది. చీకటి చుట్టుపక్కల నుంచి కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతుంది. కంటి డాక్టరు పరీక్ష చేసి, పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుందనీ, మగ్గం మాత్రం మానేయాలనీ చెప్పాడు. బయటికొచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడ్డాం.

"దగ్గరవన్నీ ముక్కలు ముక్కలుగా కనపడతన్నయ్యే," అంది అక్క. "దూరంగా ఉంటే మొత్తం వచ్చిద్ది. అదుగో, ఆ ఫ్లైఓవరు మొత్తం కనపడతంది. పక్కనున్న నువ్వేమో, మూతి కనపడితే ముక్కు కనపడదు."

"ఏదో ఒకటే కనపడటం నీకే మంచిది," అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక కుర్రమేనేజరు అక్క ఇంటికి వచ్చాడు. నాగాయలంక నుంచి కృష్ణ సముద్రంలో కలిసే చోటికి పాతకాలపు చెక్క పడవల మీద విహారయాత్రలు నడిపే సంస్థ ఒకటి కొత్తగా పెట్టారు, అతనిది అందులో ఉద్యోగం. తెరచాప ఎత్తి, గాలి వాటున, మడ అడవుల మధ్య నుంచి మెల్లగా సాగే ప్రయాణం అట. తెరచాప చేనేతది అయితే బాగుంటుందని వాళ్లకు తోచింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"మేం చీరలు నేసేవాళ్లం బాబూ. తెరచాపలు మాకేం తెలుసు?" అన్నాడు బావ. బావ అంటే అక్క భర్త. మగ్గానికి నిలువు పోగులైన పడుగు తోడటం, అచ్చు కట్టడం ఆయన పని, ఎదుటివాణ్ని ఆటపట్టించడం ఆయన సరదా. "పడవకు చీర కట్టిస్తారేంటి? జాకెట్టు కూడా కావాలా?"

"అదేనండీ స్పెషల్!" అన్నాడు మేనేజరు. "మంగళగిరి నేత అంటే బోర్డు మీద కూడా వేస్తాం. టూరిస్టులకు సంప్రదాయం కావాలండీ ఇప్పుడు."

అక్క గుంటలో కూర్చునే అడిగింది. "బాబూ, పడవ ఎందాకా పోద్ది?"

"సంగమం దాకా అమ్మా. కృష్ణమ్మ సముద్రంలో కలిసేది అక్కడేగా."

ఆ ఒక్క మాటతో అక్క ఒప్పుకుంది. తన మగ్గం మీద నుంచి దిగే ఆఖరి గుడ్డ ఏదైనా ఇంటి బీరువాలో మడతపెట్టి ఉండటం ఆమెకు ఇష్టం లేదు. పుణ్యస్థలానికి మళ్లీ మళ్లీ పోయే గుడ్డ అయితే, తను పోలేకపోయినా తన చేతిపని పోతుంది. పైగా ఆమె అడిగిన షరతు ఒక్కటే.

"తెరచాప గాలికి నిండినప్పుడు నేనొకసారి చూడాలి. పడవలో నుంచి కాదు, ఒడ్డున దిగి, దూరం నుంచి. నా కంటికి మొత్తం రావాలి. నా చూపు పోయేలోపల."

"అంతకన్నానా అమ్మా! మొదట్లోనే మిమ్మల్ని పిలుస్తాం. మీరే మా గెస్టులు," అన్నాడు మేనేజరు, చెయ్యి గుండెల మీద పెట్టుకుని. ఆ చెయ్యి నాకు బాగా గుర్తుంది.

డాక్టరు వద్దన్న మగ్గాన్ని అక్క ఆ ఒక్క పనికి మళ్లీ తొక్కింది. నేను పోట్లాడాను. వినలేదు. వీధిలో పడుగు పరిచి గంజి పెట్టే రోజున మా సత్సంగం ఆడవాళ్లందరం పొద్దున్నే బస్సెక్కి మంగళగిరి వెళ్లాం. బావ ఆ కొస నుంచి ఈ కొసకు కుంచె లాగుతుంటే, మేం అటూ ఇటూ నిలబడి నామం పాడాం. పాలవాడు బండి ఆపి, చేతులు జోడించి, పడుగు తగలకుండా గోడ వారగా పోయాడు. అక్క నేసిన ప్రతి పట్టీకీ అంచు పెట్టింది. ఎవరూ అడగని అంచు.

"తెరచాపకు అంచేంటే?" అన్నాను.

"చీరైతే పెళ్లిలో నలుగురు చూస్తారు. దీన్ని సముద్రం చూసిద్ది. అంచు లేకుండా పోతే ఏం మర్యాద?"

పట్టీలన్నీ పక్కపక్కన కుట్టించి, ఆ మూట నెత్తిన పెట్టుకుని బావ కొండెక్కాడు. వెనక అక్క, నేను, పానకం బిందె. స్వామి సగం పానకం తాగాడు, గుటకల చప్పుడు విన్నాం. పూజారిగారు గుడ్డను స్వామి ముందు పెట్టి, మూలన పసుపు, కుంకుమ అద్ది, మిగిలిన పానకం నాలుగు చుక్కలు చిలకరించారు. మా ఇళ్లలో గుడ్డ విషయంలో ఒక కట్టుబాటు ఉంది. దేవుడి ముందు పెట్టిన గుడ్డ నేల మీద పరచకూడదు, కాలు తగలనివ్వకూడదు, కత్తెర పెట్టకూడదు. చిరిగితే కృష్ణలో కలపాలి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మూట అప్పగించేటప్పుడు ఆ కట్టుబాటు సంగతి మేనేజరుకు మాలో ఎవరమూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. పసుపు చూస్తే తెలియదా? కొత్త బట్టకు మూలన పసుపు పెట్టకుండా కట్టుకునే కొంప ఈ డెల్టా మొత్తంలో ఎక్కడుంది? బజార్లో కొన్న పిల్లాడి చొక్కాకు కూడా కాలరు లోపల పసుపు చుక్క పెడతాం.

కబురు కోసం ఎదురుచూశాం. మొదటి ప్రయాణం అన్నారు, మేం లేకుండానే జరిగిపోయింది. ఫోన్‌లో ఫోటోలు చూశాను. వాటిలో పడవ ఉంది, పొద్దుగూకే ఆకాశం ఉంది, నవ్వే ముఖాలు ఉన్నాయి. తెరచాప మాత్రం కొయ్యకు చుట్టి ఉంది. ఫోన్ చేస్తే, "సీజన్ రష్ అండీ, తప్పకుండా పిలుస్తాం" అన్నారు. ఈలోగా అక్కకు గుమ్మం కమ్మీలు తగలడం మొదలైంది. భుజాల మీద నీలం మచ్చలు. ఎలా తగిలిందని అడిగితే "గుమ్మమే జరిగిందే" అనేది. నేను రోజూ ఫోన్ చేశాను. నా గొంతు గురించి ఆ ఆఫీసులో ఏమనుకున్నారో నాకు తెలుసు. అనుకోనీ. చివరికి రమ్మన్నారు.

అక్క, బావ, నేను కారులో కరకట్ట మీదుగా వెళ్లాం. అవనిగడ్డ దాటాక అక్క కిటికీలోంచి దూరంగా చూస్తూ కనపడినవన్నీ చెప్పింది. అరటి తోట మొత్తం వచ్చిందంట. కొంగల బారు మొత్తం వచ్చిందంట. ఒళ్లో సీసాలో కొండ మీది పానకం పెట్టుకుంది, తెరచాప ఎత్తేటప్పుడు పడవ ముక్కుకు పోయాలని. ఆమె అంత మాట్లాడటం నేను చాలా ఏళ్లుగా వినలేదు.

నాగాయలంక రేవులో పడవ బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. నల్లటి పాత చెక్క, నూనె పట్టి మెరుస్తోంది. వెనక మాత్రం ఇంజను. కొయ్యకు చుట్టిన తెరచాప రంగు తాళ్లతో అందంగా కట్టి ఉంది, పెళ్లికూతురి జడలాగా. అప్పటికే ఒక కుటుంబం ఎక్కి కూర్చుంది. వేయించిన రొయ్యల పళ్లెం మధ్యలో ఉంది. స్పీకరులో ఏదో పాట మోగుతోంది.

అక్క రేవు మెట్టు మీదే చెప్పులు విప్పింది. పడవ ఎక్కేముందు మా వాళ్లు విప్పుతారు. బావ చెయ్యి పట్టుకుని దించాడు. ఆమె కుడికాలు పడవలో పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది. అరికాలితో నేల మీది గుడ్డను ఒకసారి రాసింది. మళ్లీ రాసింది.

"ఏందే?" అన్నాడు బావ.

"ఇది నా గుడ్డ," అంది అక్క.

వెంటనే ఆ కాలు పైకి లాక్కుంది. ఇంకో కాలు మెట్టు మీద ఉంది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద ఊగుతూ నిలబడిపోయింది. ఆ నిలబడటం నేను ఈ జన్మకు మరిచిపోలేను. పడవ అడుగంతా పరిచి ఉంది గుడ్డ. చూశాను. అంచు. ఆ అంచు మీద ఎవరిదో చెప్పు. మూలన పసుపు. పసుపు పక్కన రొయ్యల నూనె.

నేను పడవలోకి దూకాను. నా వయసుకు దూకకూడదు. "లేవండి. అందరూ లేవండి. కాళ్లు తియ్యండి!"

ఆ కుటుంబంలో పెద్దాయన పళ్లెం పట్టుకునే లేచాడు. "ఏంటమ్మా, పామా?"

"పామైతే నయం."

"అదేంటండీ, మేం ఎక్కడ కూర్చోవాలి? నీళ్లలోనా?"

"మీ ఒళ్లో మీరు కూర్చోండి! ఇది దేవుడి గుడ్డ."

ఆయన భార్య ఆ మాట వినీ వినగానే కాళ్లు పైకి లాక్కుని, గుడ్డను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. "లేవండీ, దేవుడి గుడ్డంట," అని మొగుణ్ని గదమాయించింది. ఆమెకు నేనేమీ వివరించలేదు. ఒక్క మాట సరిపోయింది. ఆ సంస్థకు ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదని తర్వాత నన్ను కొందరు అడిగారు. చెప్పాల్సి రావడమే నా కోపం అని జవాబు చెప్పాను.

మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుడ్డ ఎత్తి చూశాను. ఒక కొస కుట్టుతో ఉంది, రెండో కొస తెగి ఉంది. పట్టీల కుట్టు విప్పి రెండు చేసినా కొంత నయం. అడ్డంగా, పడుగు మీదుగా, అంచుల మీదుగా కత్తెర పెట్టారు. తెగిన కొసన అడ్డపోగు పేక జారిపోయి, పోగులు గడ్డంలా వేలాడుతున్నాయి.

"ఎవరు కోశారు?"

"మేడమ్, కొంచెం కూల్‌గా..."

"ఎవరు కోశారని అడిగా."

"మరకలండీ," అన్నాడు. "ఒకవైపు పచ్చగా మరక, జిగురుగా చుక్కలు. చీమలు కూడా పట్టినయ్. ఉతికిస్తే పోలేదు. ఫోటోల్లో బాగోదని, నీట్‌గా ఉన్న సగం పైన కట్టి, ఈ మరకల సగం కింద పరిచామండీ. వేస్ట్ చెయ్యలేదు."

వేస్ట్ చెయ్యలేదట! ఆ మాటకు నా ఒళ్లంతా మండింది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది.

"మా కొండ మీద పానకం ఏరులై పారినా చీమ రాదు," అన్నాను. "మీ గోడౌనుకు వచ్చిందంటే అది దేన్ని వెతుక్కుంటూ వచ్చిందో చూసుకోండి. నీది ఏ ఊరు నాయనా?"

"గుడివాడ పక్కనండీ."

"మీ ఇంట్లో కొత్త బట్టకు పసుపు పెట్టరా?"

"పెడతారండీ. మా అమ్మ పెడతది."

"ఈ చొక్కాకు పెట్టిందా?"

అతను తల వంచుకున్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే కాలరు దగ్గరికి పోయింది. "పెట్టిందండీ."

"దాన్ని మరకంటావా? కోసి కాళ్ల కింద వేసుకుంటావా?"

"అది చొక్కా కదండీ. ఇది తెరచాప. నేనట్టా అనుకోలేదండీ."

ఇదీ సంగతి. అతను నాస్తికుడు కాదు, పరాయివాడు కాదు. మన పిల్లాడే. ఇంట్లో తెలిసిన పసుపు ఆఫీసులో మరకైపోయింది. ఆ పడవ గురించి వాళ్లు పంచిన కాగితం నిండా సంప్రదాయమే. ఊరగాయ జాడీకి చీటీ అంటించినట్టు ప్రతి వాక్యానికీ ఆ మాట అంటించారు. జాడీలో ఏముందో మూత తీసి చూసినవాడు ఒక్కడూ లేడు. తెరచాప పేరుతో ఇంజను నడుపుతారు. నిశ్శబ్దం పేరుతో స్పీకరు పెడతారు. చేనేత పేరుతో చేనేతను తొక్కుతారు. తొక్కుతూ దానికి ఫోటో తీస్తారు. ఇవన్నీ నేను అక్కడే, పైకే అన్నాను. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు పని ఆపి విన్నారు. సిగ్గుపడలేదు. మా స్వామి కోపం కూడా నిండు సభలోనే జరిగింది.

నేను అరుస్తుంటే అక్క ఏం చేస్తోందో చూసుకోలేదు. బావ గుడ్డంతా దగ్గరికి లాగి, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె తెగిన కొస ఒళ్లో వేసుకుని పోగులు ముడి వేస్తోంది. నాలుగేసి పోగులు కలిపి, పురిపెట్టి, ముడి. చీర మగ్గం దించాక కొంగుకు వేసినట్టు. కళ్లు నీళ్ల వైపే ఉన్నాయి. ఆ ముడికి కళ్లతో పని లేదు.

"ఊరికే వదిలేస్తే అంతా ఊడిపోద్ది," అంది నాతో. "నువ్వు కానీ. నీ పని నువ్వు కానీ."

మేనేజరు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కొత్తది నేయిద్దామమ్మా. ఈసారి ఎవరినీ ముట్టనివ్వం."

"ఎవరు నేస్తారు బాబూ?" అంది అక్క. అరవలేదు. అడిగింది, అంతే. అతనికి అప్పుడు అర్థమైందని అతని ముఖం చెప్పింది. నాకు మాత్రం జాలి కలగలేదు. కలిగి ఉండాల్సిందేమో. ఇంకా కలగలేదు.

"నువ్వు ఒక మాట ఇచ్చావు," అన్నాను. "గాలికి నిండిన తెరచాప దూరం నుంచి చూపిస్తానని. అది ఇవాళ తీరాలి. ఇంజను లేకుండా."

"పైనున్న సగం విప్పించగలనండీ. కానీ ప్రోగ్రాం టైమింగ్స్..."

రొయ్యల పెద్దాయన కలగజేసుకున్నాడు. "టైమింగ్స్ మాయి కదయ్యా? మేం ఆగుతాం. నాక్కూడా తెరచాప చూపిస్తానని చెప్పే టిక్కెట్టు కోశావు. పొద్దుట్నుంచీ చూస్తన్నా, జడే గానీ తెరచాప ఏదీ?"

పడవ కదిలింది. మడ చెట్ల సందుల్లోంచి నది వెడల్పయింది. దూరంగా సముద్రం తెల్లటి గీతలా కనిపించింది. ఒక ఇసుక తిప్ప దగ్గర పడవ ఆగింది. పడవ నడిపే సరంగు కొయ్య మీది తాళ్లు విప్పబోయాడు. అప్పుడు అక్క అంది, "అది కాదు. ఇది కట్టండి."

ఒళ్లో ఉన్న సగం. నూనె పడ్డ సగం. పసుపు ఉన్న సగం.

ఇక్కడ నాకూ అక్కకూ గొడవైంది. తొక్కిన గుడ్డను స్వామి పేరు మీద ఎత్తకూడదన్నాను. అపచారం మీద అపచారం అన్నాను. దాన్ని కృష్ణలో కలపాలి, అదే విధి. నేను చదివింది అదే, పదిమందికి చెప్పింది అదే.

"స్వామి ముందు పెట్టింది ఈ మూలే కదే," అంది. "పసుపున్నదాన్ని కిందేసి, లేనిదాన్ని పైకెత్తింది వాళ్లు. నువ్వూ అదే చేయమంటావా?"

ఆ మాటకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"మురికైతే కడుగుదాం. కృష్ణమ్మకన్నా మడి ఇంకేముంది? తడిస్తే గుడ్డ బిగిసిద్ది కూడా, గాలి జారదు."

పడవ అంచున వంగి, నేను ఒక కొస, బావ ఒక కొస పట్టుకుని గుడ్డను నదిలో ముంచాం. మేనేజరు బూట్లు విప్పి మూడో కొస పట్టుకున్నాడు. నేను వద్దనలేదు. రమ్మననూ లేదు. కడుగుతున్నంతసేపూ బావ, "చూశావా, కడాకు పడవకు స్నానం చేయించి చీర కడతన్నాం," అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా. నూనె కొంత పోయింది. పసుపు పోలేదు.

సరంగు శుభ్రమైన సగాన్ని దించి, దీన్ని కట్టాడు. అక్క సీసాలో పానకం పడవ ముక్కు మీద సగం పోసింది, సగం ఉంచింది. నేను ఆమెను పట్టుకుని తిప్ప మీద దించాను. తడి ఇసుకలో నడుస్తూ, ఆగుతూ, వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లాం. "ఇంకా ముక్కలే," అంటుంది. మళ్లీ నడుస్తాం. "ఇంకా." మళ్లీ. పడవ చిన్నదైంది. ఇంజను చప్పుడు ఆగింది. స్పీకరు ఆపమని ఎవరు చెప్పారో తెలియదు, అదీ ఆగింది.

తెరచాప మొదట కొయ్య మీద తడిబట్టలా వేలాడింది. ఒకసారి కొట్టుకుంది. సగం గుడ్డకు గాలి చాలదేమో, అంతా వృథా అవుతుందేమో, దీన్ని కూడా వీళ్లు పాడు చేశారేమో అని పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. గుడ్డ నిండింది. కింద ఉండాల్సిన సగం లేదు, అక్కడ ఆకాశం ఉంది. ఉన్నంత మేరా నిండింది. పడవ పక్కకు వాలి, చప్పుడు లేకుండా కదిలింది.

"వచ్చిందే," అంది అక్క. నా చెయ్యి గట్టిగా నొక్కింది. "మొత్తం వచ్చింది. అంచు కూడా వచ్చింది."

"సగమే అక్కా."

"నా కంటికి ఎంత పట్టిద్దో అంతే ఎత్తారు. మన స్వామి కూడా సగమే కదే పుచ్చుకునేది."

అక్క ఆ మాట ఎంత తేలిగ్గా అందో! నేను అనలేను. స్వామి సగం తాగి సగం వదలడం దయ. వీళ్లు సగం కోసి కాళ్ల కింద వేసుకోవడం దయ కాదు. ఆ రెండు సగాలనూ ఒకటి చేసి ఓదార్చుకోవడం అక్క గొప్పతనం కావచ్చు, నా వల్ల కాదు. కోసినవాడు కోసినట్టే, తొక్కినవాడు తొక్కినట్టే. అక్క క్షమించిందని వాళ్ల తప్పు తప్పు కాకుండా పోదు. ఆమె చూసిన దానికి మాత్రం నేను సాక్షిని. పడవ తిప్ప చుట్టూ తిరిగి మాకు అడ్డంగా వచ్చేదాకా ఆమె రెప్ప వేయలేదు. గాలికి కంట్లో నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపూ కనపడదని.

మిగిలిన పానకం ఇద్దరం తాగాం. తిరిగి వచ్చేటప్పుడు రెండు సగాలూ మడిచి మా కారులోకి తెచ్చుకున్నాం. మేనేజరు వద్దనలేదు. ఇప్పుడు పడవకు వాళ్లు కొత్త తెరచాప కట్టారు. ఫోటోల్లో చాలా తెల్లగా ఉంది. ఒక్క మరక లేదు. దాని కింద ఇంకా మంగళగిరి చేనేత అనే రాస్తున్నారు. తీసేయమని నాలుగుసార్లు చెప్పాను, ఇంకా చెబుతాను. మా రెండు సగాలూ మంగళగిరిలో దేవుడి గదిలో ఉన్నాయి. కృష్ణలో కలపాలని నేను, ఉండనివ్వమని అక్క. ఆమె ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లి తెగిన కొస ముడులు వేళ్లతో తడుముకుని వస్తుంది.

ఇది చదువుతున్న తల్లులారా, అయ్యలారా, మీరు ఏ ఊళ్లో ఉన్నా, మీ దేవుడు ఏ రూపంలో ఉన్నా, ఒక్క క్షణం చేతులు జోడించండి. నాతో కలిసి అడగండి. స్వామీ, మా అక్క కంట్లో ఆ ఒక్క బొమ్మను చీకటికి అందనంత లోపల దాచు. ఇంట్లో పసుపును పసుపుగా చూసే మా పిల్లలకు, గడప దాటాక కూడా దాన్ని మరక అనని బుద్ధి ఇవ్వు. నా కోపాన్ని పూర్తిగా తీసేయవద్దు. పానకంలాగే పుచ్చుకో, సగం నువ్వు తీసుకో. మిగిలిన సగంతో రేపు మళ్లీ ఆ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి.